ఇంటివారు దాచిన బొమ్మలు

ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు ప్రముఖులలో ఎవరి గురించైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు రెండుసార్లు కబురు పంపారు. నాయకుల గురించి, దాతల గురించి వ్రాయగలిగినవారు మన సంఘంలో చాలామందే ఉన్నారు. వైద్య ఆరోగ్యశాఖలో ముప్పయ్యారేళ్ళు నోటుఫైళ్ళు తప్ప మరొకటి వ్రాసి ఎరుగని నేను చిత్రకారుడు దామెర్ల రామారావుగారి గురించి వ్రాయడానికి సాహసిస్తున్నాను. నాకు బొమ్మలు వేయడం రాదు. ఆయనను చూసినవాడినీ కాను. నేను పుట్టేనాటికి ఆయన పోయి పాతికేళ్ళయింది.

ఆయన పేరు నేను మొదట విన్నది మా అన్నయ్య నోట. మాది కొవ్వూరు దగ్గర చిన్న పల్లె. అన్నయ్య నాకంటె ఏడేళ్ళు పెద్ద. మా ఊరి సహకార సంఘంలో గుమాస్తాగా ఉండేవాడు. ఎరువుల బస్తాల లెక్కలు వ్రాసి పారేసిన కాగితాలు ఇంటికి తెచ్చుకుని, వెనుకవైపు తెల్లగా ఉన్నచోట పెన్సిలుతో బొమ్మలు వేసేవాడు. ఎడ్లు, లాంచీలు, నీళ్ళ బిందెతో మా అమ్మ, అరుగు మీద నిద్రపోతున్న మా తాతగారు. సెలవురోజున కొవ్వూరు రేవులో లాంచీ ఎక్కి రాజమండ్రి వెళ్ళి, పాత పుస్తకాల దుకాణాలలో పాత భారతి సంచికలు వెతికి తెచ్చేవాడు. వాటిలో అచ్చయిన రంగుల బొమ్మలు జాగ్రత్తగా కత్తిరించి మైదాపిండి జిగురుతో గోడకు అంటించేవాడు. దామెర్ల వారు మన గోదావరి ఒడ్డు మనిషేనని, ముప్ఫయి ఏళ్ళు నిండకుండానే పోయారని చెప్పేటప్పుడు అన్నయ్య గొంతు ఇంట్లోవాళ్ళ గురించి చెప్పినట్టే ఉండేది. 1968లో కాలిలో ముల్లు దిగి ధనుర్వాతం వచ్చి అన్నయ్య కూడా పోయాడు. అప్పటికి అతనికి ఇరవై అయిదేళ్ళు.

ఇక అసలు విషయానికి వస్తాను.

దామెర్ల రామారావుగారు 1897 మార్చి 8వ తేదీన రాజమండ్రిలో జన్మించారు. హేవలాక్ వంతెన మీద రైళ్ళు నడవడం మొదలయ్యేటప్పటికి ఆయన మూడేళ్ళవాడు. వీరేశలింగం పంతులుగారు జరిపించిన మొదటి వితంతు వివాహం 1881 డిసెంబరు 11న జరిగింది కూడా ఆ ఊళ్ళోనే. అటువంటి ఊళ్ళో చదువుకున్న కుటుంబంలో పుట్టిన పిల్లవాడిని ఆ రోజులలో ప్లీడరో, డాక్టరో, కనీసం తాలూకా కచేరీలో గుమాస్తానో చేయాలనుకుంటారు. బొమ్మలు వేసుకుని బ్రతుకుతానంటే నవ్వుతారు. ఈనాటికీ నవ్వుతారనుకోండి.

ఆ పిల్లవాడి అదృష్టం కొద్దీ రాజమండ్రి ప్రభుత్వ ఆర్ట్సు కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలుగా వచ్చారు. 1909 నుంచి 1919 వరకు ఆయన అక్కడ పనిచేశారు. తాను స్వయంగా బొమ్మలు వేసేవారు, కవిత్వం వ్రాసేవారు. మన దేశపు పాత శిల్పాలన్నా, అజంతా చిత్రాలన్నా ఆయనకు ప్రాణం. తెల్లదొరలలో కూడా రకాలుంటారు. మన ఫైళ్ళలో పాత దొరల సంతకాలు చూసి చూసి నాకు వాళ్ళ మీద పెద్ద గౌరవం లేదు గాని, కూల్డ్రేగారి విషయంలో మాత్రం చేతులెత్తి మ్రొక్కాలి. ఆయన చేరదీసిన యువకులలో అడివి బాపిరాజుగారున్నారు, వరదా వెంకటరత్నంగారున్నారు, కవికొండల వెంకటరావుగారున్నారు. బాపిరాజుగారంటే నారాయణరావు, హిమబిందు నవలలు వ్రాసినవారేనని మన ఆడవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. ఆయన చిత్రకారుడు కూడా. ఇందరిలోనూ గీత మీద పుట్టుకతో పట్టు ఉన్నవాడు రామారావు అని కూల్డ్రేగారు కనిపెట్టారు.

ఊరికే కనిపెట్టి మెచ్చుకుని ఊరుకోలేదు. 1916లో తానే పూనుకుని ఆయనను బొంబాయిలోని జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు పంపించారు. అప్పటికి రామారావుగారికి పంతొమ్మిదేళ్ళు. దేశంలో చిత్రకళ నేర్పే పెద్ద పాఠశాలలలో అది ఒకటి. మనిషి శరీరాన్ని ఎదురుగా చూసి, ఎముక, కండరము ఎక్కడ ఎలా ఉంటాయో తెలుసుకుని గీయడం అక్కడి శిక్షణలో ముఖ్యం. మన సంప్రదాయంలో అలా కూర్చోబెట్టి గీయడం లేదు. ఆ నాలుగేళ్ళ కష్టం తరువాత ఆయన వేసిన ప్రతి బొమ్మలోనూ కనిపిస్తుంది. నిలుచున్న స్త్రీ బరువు ఏ కాలి మీద ఉందో తెలుస్తుంది. ఈ మాట నేను చెప్పడం కాదు, అన్నయ్య చెప్పేవాడు.

1920లో ఆయన చదువు పూర్తయింది. కాని శిష్యుడు పట్టా పుచ్చుకుని రావడం చూడడానికి గురువు రాజమండ్రిలో లేరు. ఆరోగ్యం దెబ్బతిని 1919లోనే కూల్డ్రేగారు ఇంగ్లండు వెళ్ళిపోయారు. ఆయన 1958 వరకూ జీవించారు. అంటే శిష్యుడు పోయిన తరువాత ముప్పయి మూడేళ్ళు.

బొంబాయిలోనే ఉండిపోతే రామారావుగారికి డబ్బుకు లోటుండేది కాదు. సేట్‌లు, సంస్థానాధీశులు తమ నిలువెత్తు చిత్రాలు వేయించుకునే కాలం అది. ఆయన గుజరాత్, కాఠియావాడ్ ప్రాంతాలు తిరిగారు. అజంతా చూశారు. కలకత్తా వెళ్ళి అవనీంద్రనాథ టాగూరుగారిని, అక్కడి చిత్రకారులను కలుసుకున్నారు. అప్పట్లో చిత్రకళంటే రెండే దారులు. ఒకటి రవివర్మగారి తైలవర్ణాల దారి, ఇళ్ళల్లో క్యాలెండర్ల మీద లక్ష్మీ సరస్వతులుగా మనందరం పూజించినది. రెండవది వంగదేశపు దారి, పొగమంచులో చూసినట్లుండే పలుచని నీటిరంగులు, సన్నని పొడవాటి వేళ్ళు. బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోదకుమార చటోపాధ్యాయగారు వచ్చి ఈ రెండవ పద్ధతి మన పిల్లలకు నేర్పారు. రామారావుగారు రెండింటినీ చూసి, రెండింటికీ నమస్కారం పెట్టి, మన ఊరి మనుషులను మన ఊరి వెలుగులో వేసుకున్నారు. బొంబాయిలో నేర్చిన శరీర జ్ఞానము, అజంతా గోడల మీది గీత, గోదావరి జిల్లా ఆడవాళ్ళ చీరకట్టు, ఈ మూడూ కలిసిన బొమ్మలు అవి.

1922లో కలకత్తా ప్రదర్శనకు ఆయన ఋష్యశృంగ బంధనము అనే చిత్రం పంపారు. కథ మీకు తెలిసినదే. అంగదేశంలో వానలు లేక కరువు వస్తుంది. పుట్టి బుద్ధెరిగి ఆడదాని ముఖం చూడని ఋష్యశృంగుడు రాజ్యంలో అడుగుపెడితే వాన కురుస్తుందంటే, రోమపాదుడు వేశ్యలను అడవికి పంపి అతనిని రప్పిస్తాడు. ఆ చిత్రానికి వైస్రాయి బహుమతి వచ్చింది. అప్పటికి చిత్రకారుడికి ఇరవై అయిదేళ్ళు. తూర్పు కనుమలలో గోదావరిని చూపిన మరొక చిత్రాన్ని అప్పటి వైస్రాయి లార్డ్ రీడింగ్ కొనుక్కున్నారు. పాపికొండల మధ్య లాంచీలో వెళ్ళినవారికి ఆ నది ఎలా ముడుచుకుని, నల్లబడి, మళ్ళీ విప్పారుతుందో తెలుసు. దానిని వైస్రాయి ఇంటి గోడకు ఎక్కించిన మనిషి మనవాడు. 1924లో లండన్ దగ్గర వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలో కూడా ఆయన చిత్రాలు పెట్టారు.

ఇంత పేరు వచ్చిన మనిషి చేసిన పని ఏమిటంటే, రాజమండ్రి వచ్చి బడి పెట్టారు. 1923లో ఆంధ్రా సొసైటీ ఆఫ్ ఇండియన్ ఆర్ట్ అనే సంస్థను, దానితో పాటు చిత్రకళాశాలను మొదలుపెట్టారు. స్నేహితుడు వరదా వెంకటరత్నంగారు తోడుగా నిలిచారు. చామకూర సత్యనారాయణగారి వంటివారు శిష్యులయ్యారు. నాకు అన్నిటికంటె గొప్పగా తోచేది, ఆయన పాఠం ఇంటి గడప లోపలి నుంచే మొదలుకావడం. భార్య సత్యవాణిగారికి కుంచె పట్టడం నేర్పారు. చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారికి నేర్పారు. ఆడపిల్లకు ఉత్తరం వ్రాసుకునేంత చదువు వస్తే చాలుననుకునే రోజులవి. ఇద్దరూ పేరున్న చిత్రకారులయ్యారు. దిగుమర్తి బుచ్చికృష్ణమ్మగారి పేరు ఈనాటికీ రాజమండ్రి చిత్రకారుల వరుసలో చెబుతారు.

సిద్ధార్థ రాగోదయము, పుష్పాలంకరణ, నందిపూజ, కార్తీక పౌర్ణమి వంటివన్నీ ఆ కొద్ది సంవత్సరాలలోనే వేశారు. బొంబాయి నుంచి వచ్చిన దగ్గర నుంచి లెక్క వేసుకుంటే ఆయనకు దక్కిన కాలం అయిదేళ్ళు కూడా లేదు. మనకు మొదటి ఇంక్రిమెంట్లు పడి, ప్రొబేషన్ డిక్లేరై, ఇంకా సీనియారిటీ జాబితాలో పేరు ఎక్కడుందో వెతుక్కునే కాలం అది.

1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికంతో రామారావుగారు మరణించారు. మరి ఒక్క నెల గడిస్తే ఇరవై ఎనిమిది నిండేవి.

ఇక్కడ మా శాఖ మాట ఒకటి చెప్పక తప్పదు, విసుక్కోకండి. పల్లెటూళ్ళలో దానిని అమ్మవారు పోయడం అనేవారు. ఇంటికి వేపమండలు కట్టి, తలుపులు వేసి, లోపలున్నది తల్లి అని భయభక్తులతో ఉండేవారు. జెన్నరుగారు టీకా కనిపెట్టింది 1796లో. అంటే రామారావుగారు పుట్టడానికి నూటఒక్క సంవత్సరాల ముందే విరుగుడు ఉంది. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరినప్పుడు నా మొదటి సీటు టీకాల రిజిస్టర్లదే. రెండుమొనల సూదులు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఖర్చయ్యాయి, ఏ ఊళ్ళో ఎందరికి టీకా పడింది, ఇవి వ్రాయడమే నా పని. 1975లో మశూచి రోగిని చూపించినవారికి వెయ్యి రూపాయలు బహుమతి అని ప్రకటించారు. నా జీతానికి అది కొన్ని నెలల మొత్తం. మన దేశంలో ఆఖరి కేసులు ఆ ఏడాదితో ఆగిపోయాయి. 1980లో ప్రపంచం మొత్తం మీద ఆ జబ్బు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. ఆ రిజిస్టర్లు వ్రాస్తున్నప్పుడు ఒకరిద్దరి పేర్లు ఊరికే మనసులోకి వచ్చేవి. ధనుర్వాతానికి కూడా టీకా ఉంది. మా ఊళ్ళో 1968లో ఎవరూ వేయించుకోలేదు.

రామారావుగారు పోయినప్పుడు సత్యవాణిగారు చాలా చిన్నది. అప్పటి ఇళ్ళల్లో అటువంటి పరిస్థితిలో ఏం జరిగేదో పెద్దవాళ్ళందరికీ తెలుసు. పోయినవాని వస్తువులు కళ్ళబడితే దుఃఖం పెరుగుతుందని కొన్ని తీసి పారేసేవారు. అంటుజబ్బుతో పోయినవారివైతే మరీను. కొన్ని చుట్టాలు పట్టుకుపోయేవారు. మిగిలినవి అటకెక్కి చెదలకు ఆహారమయ్యేవి. కాగితం మీద నీటిరంగులు ఎంత సున్నితమో చెప్పనక్కరలేదు. గోదావరి ఒడ్డు ఊరిలో శ్రావణ భాద్రపదాలలో గోడలు చెమరుస్తాయి. పటం వెనుక అట్టకు తేమ ఎక్కితే ఒక్క వర్షాకాలం చాలు.

ఆ ఇంట్లో అలా జరగలేదు. బొమ్మలను అమ్ముకోలేదు, పంచుకోలేదు, పారేయలేదు. పెద్ద చిత్రాలే కాదు, చిత్తుగా గీసుకున్న కాగితాలు కూడా దాచారు. స్నేహితులు చిత్రకళాశాలను ఆయన పేరు మీదనే నడిపించారు. వెంకటరత్నంగారు దానికి జీవితమంతా ధారపోశారు. చివరకు ఆ బొమ్మలన్నీ ఒకచోట ప్రజలు చూడడానికి వీలుగా దామెర్ల రామారావు స్మారక చిత్రశాలకు చేరాయి. ఇప్పుడు అది ప్రభుత్వ నిర్వహణలో ఉంది. దేశంలో ఎంతో పేరు పొందిన చిత్రకారుల బొమ్మలు ఎవరెవరి ఇళ్ళకో, ఏ దేశాలకో చెదిరిపోయాయి. ఇరవై ఏడేళ్ళకే పోయిన ఈయనవి మాత్రం పుట్టిన ఊళ్ళోనే, ఒకే కప్పు క్రింద ఉన్నాయి. అది ప్రభుత్వం చేసిన మంచిపని మాత్రమే అనుకుంటే పొరపాటు. ఇల్లు దాచి ఉంచితేనే గదా ప్రభుత్వానికి దక్కేది.

నేను మొదటిసారి ఆ చిత్రశాల చూసింది 1978లో. బడ్జెట్టు లెక్కలు సరిచూడడానికి ఆఫీసు పని మీద రాజమండ్రి వెళ్ళాను. అప్పటికి నాలుగేళ్ళ క్రితమే రోడ్డు వంతెన వచ్చింది గనుక లాంచీ అవసరం లేకపోయింది. పని మధ్యాహ్నానికే అయిపోయింది. చిత్రశాలలో నేను, అక్కడి నౌకరు తప్ప ఎవరూ లేరు. అన్నయ్య గోడకు అంటించిన అరచేయంత బొమ్మలు తప్ప అసలు రంగులు నేనెన్నడూ చూడలేదు. పుష్పాలంకరణ ముందు చాలాసేపు నిలబడ్డాను. అచ్చులో ఒకే ఎరుపుగా కనబడినచోట అసలు బొమ్మలో ఎన్ని ఎరుపులున్నాయో లెక్కపెట్టలేకపోయాను. సత్యవాణిగారివి, బుచ్చికృష్ణమ్మగారివి కూడా అక్కడ ఉన్నాయి. అన్నయ్య చూడవలసినవి నేను చూస్తున్నానే అనిపించింది. మూసే వేళయిందని నౌకరు వచ్చి చెప్పేదాకా నాకు తెలియలేదు.

అంతా చూసి వచ్చిన మనిషిని గదా, ఆరేళ్ళ తరువాత నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. 1984లో నాకు బదిలీ అయింది. సామాను లారీకి ఎక్కిస్తున్నాం. ఇద్దరు చిన్నపిల్లలు, వృద్ధురాలైన అమ్మ, వాన వచ్చేట్టుంది. అటక మీద గోనెసంచిలో అన్నయ్య కాగితాలున్నాయి. పదహారేళ్ళుగా అమ్మ వాటిని ఇల్లు మారినప్పుడల్లా వెంట తెచ్చుకునేది. సంచి ఒక ప్రక్క ఎలుకలు కొరికాయి. వీధిలో పాతకాగితాలవాడు కనబడితే పాత రిజిస్టర్లతో, పిల్లల నోటుపుస్తకాలతో పాటు ఆ సంచి కూడా తూకం వేయించి ఇచ్చేశాను. ఎంత వచ్చిందో గుర్తులేదు. కూలీలకు టీ త్రాగడానికి సరిపోయింది.

మన ఆఫీసులలో ఏ కాగితం ఎన్నాళ్ళు ఉంచాలో నియమముంది. ఎల్.డిస్. ఏడాది, డి.డిస్. పదేళ్ళు, ఆర్.డిస్. శాశ్వతం. రికార్డు రూములో చెత్తకాగితం చింపాలన్నా పైఅధికారి సంతకం లేనిదే నేను ముట్టుకోలేదు. ఇంట్లో కాగితాలకు నన్ను అడిగేవారు లేరు.

క్రొత్త ఊళ్ళో సామాను దింపుకున్న మూడవనాడు అమ్మ సంచి కోసం వెతికింది. నేను నిజమే చెప్పాను. అమ్మ నన్ను ఒక్కమాట అనలేదు. ఆ తరువాత తొమ్మిదేళ్ళు బ్రతికింది, ఆ సంచి మాట ఎన్నడూ ఎత్తలేదు. ఎత్తి తిట్టి ఉంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

2008లో రిటైరైన తరువాత ఏడాదికి ఒకసారైనా రాజమండ్రి వెళ్ళి ఆ చిత్రశాలలో ఒక గంట కూర్చుని వస్తున్నాను. ఊరి పేరు 2015లో రాజమహేంద్రవరమైంది గాని నా నోటికి రాజమండ్రే వస్తుంది. పోయిన ఏడాది మనవరాలిని తీసుకువెళ్ళాను. డ్రాయింగు పుస్తకం ఎప్పుడూ చంకలో ఉంటుంది దానికి. సత్యవాణిగారి బొమ్మ చూసి, ఈవిడకు ఎవరు నేర్పారని అడిగింది. ఇంట్లోనే నేర్చుకున్నారని చెప్పాను. మోకాళ్ళ నొప్పులు లేనివారు, గోదావరి స్నానానికి వెళ్ళినప్పుడు ఎలాగూ ఊళ్ళోకి వస్తారు గనుక, చిత్రశాల కూడా చూసి రావలసిందిగా మనవి. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి.

అన్నయ్యవి అన్నీ పోలేదు. అమ్మ పోయాక 1993లో ఆమె ట్రంకుపెట్టె తెరిస్తే అడుగున, చీరల క్రింద, నాలుగు మడతల కాగితం ఒకటి దొరికింది. ఒకవైపు ఎరువుల బస్తాల లెక్క. రెండవవైపు కొవ్వూరు రేవులో లాంచీ, దానిమీద గొడుగు పట్టుకుని కూర్చున్న ఒక ఆడమనిషి. ముఖం సగమే గీశాడు. మడతల దగ్గర చిరుగుతుంటే వెనుక పలుచని గుడ్డ అంటించి, నా పెన్షను పేమెంటు ఆర్డరు ఉన్న ఫైలులోనే పెట్టాను. ఆ ఫైలు ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలుసు.